పది పైసల జరిమానా

ఇలా కుంపటి దగ్గరికి జరుగు చిట్టీ. ఆ కుర్చీ వదిలేసి పీట వాల్చుకో. తేగలు కాలుతున్నాయి, ఇంకాసేపు పడుతుంది. బందరు నుంచి మొన్ననే వచ్చాయి, పాతర తవ్వి తీసిన మొదటి కట్ట. తేగ కాలేదాకా ఫోను ముట్టుకోకూడదు, అది మా ఇంటి ఆచారం. ఎప్పటి ఆచారమని అడుగుతావేం? ఇవాళే పెట్టాను.

నువ్వు గుమ్మంలో అడుగుపెట్టి గంట కాలేదు, నీ కొడుకు పేరు పదకొండుసార్లు, కూతురి పేరు తొమ్మిదిసార్లు ఎత్తావు. నేను వత్తులు చేసుకుంటూ లెక్కపెట్టాను. వాడు తొమ్మిదో తరగతికొచ్చి గదికి గడియ పెట్టుకోవడం నేర్చాడు. అది ఇంటర్లో చేరి ఏమడిగినా భుజాలెగరేస్తోంది. మార్కులు, ట్యూషన్లు, రాత్రి రెండింటిదాకా దుప్పట్లో ఆ ఫోను వెలుగు. తెల్లారక ముందే మొదలయ్యే, పిల్లల తల్లిదండ్రులంతా ఉన్న మీ వాట్సాప్ గ్రూపు గోల. వింటూంటే నాకు మీ అమ్మ పద్నాలుగేళ్లప్పటి మొహం కళ్ల ముందుకొచ్చింది, మీ మావయ్య బెల్‌బాటం ప్యాంటుతో సహా. నవ్వకు. ఆ ప్యాంటు సంగతి చెబుతాగానీ, ముందు నీ బాకీ తేలాలి. మా అరుగు లెక్క ప్రకారం ఈ పూటకి నువ్వు రెండు రూపాయలు బాకీ. ఎందుకో చెబుతాను, తొందరపడకు.

బెజవాడ సత్యనారాయణపురంలో మా ఇల్లు నువ్వెరగవు, నువ్వు పుట్టేనాటికే అమ్మేశాం. ఇప్పుడు బీఆర్‌టీఎస్ రోడ్డని వెడల్పుగా వేశారే, అక్కడ మా రోజుల్లో రైలు పట్టాలుండేవి. బండి పోతుంటే వంటింట్లో గూట్లో గ్లాసులు గలగలమనేవి. మీ తాతయ్య రైల్వే గార్డు. ఏ బండి ఎప్పుడు ఎక్కాలో ఆయనకే తెలీదు. అర్ధరాత్రి కాల్‌బాయ్ వచ్చి తలుపు కొట్టి, పుస్తకంలో సంతకం పెట్టించుకుపోయేవాడు. ఈయన నిద్రకళ్లతోనే జెండాలు, లాంతరు సరిచూసుకుని బయల్దేరేవారు. అంచేత పిల్లల పెంపకం, వాళ్ల అల్లరి, వాళ్ల అలకలు అన్నీ నా నెత్తినే. పక్కన మా అత్తగారు, చేతిలో జపమాల, కళ్లు మాత్రం వీధి గుమ్మం మీద.

మీ మావయ్య అప్పుడు ఇంటర్ మొదటి ఏడు. పదిహేనేళ్లు. పెదవి మీద నూనూగు మీసం, చెవుల కిందికి దిగిన జుట్టు. మోకాళ్ల దాకా బిగుతుగా ఉండి, కింద గంటలా విచ్చుకునే ప్యాంటు కుట్టించుకున్నాడు. దర్జీ ఎంత గుడ్డ పట్టిందో చెబితే మా అత్తగారు జపం ఆపేశారు. ఆ గుడ్డతో ఇద్దరు పిల్లలకి లాగులొస్తాయని ఆవిడ బాధ. వాడు నడుస్తుంటే వీధి దుమ్మంతా వాడి వెనకే లేచేది. నేను చీపురుతో ఊడవక్కర్లేదు, నిన్ను రెండుసార్లు అటూ ఇటూ తిప్పితే చాలన్నానని మూడు రోజులు నాతో మాట్లాడలేదు. అప్పుడు తెలిసింది నాకు, ఆ వయసు పిల్లల దగ్గర వేళాకోళం చెల్లదని. నువ్వు కూడా నీ కొడుకు జుట్టు మీద మాట తూలే ఉంటావు. ఆఁ, తలొంచుకున్నావు, అర్థమైందిలే.

ఇక ఆ ఏడు చూడు, ఎలాంటిదో. 1972 అక్టోబరు 3న ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. తెలంగాణలో కొలువులు అక్కడి స్థానికులకే అన్న నిబంధనలవి. రేడియోలో ఆ ముక్క విన్నప్పుడు మా వీధిలో సగం మందికి అంతుపట్టలేదు. నెల తిరక్కుండా అందరికీ బోధపడింది. మాకూ వేరే రాష్ట్రం కావాలని, జై ఆంధ్ర అంటూ మా పిల్లలు రోడ్డెక్కారు. కాలేజీలు మూతపడ్డాయి. ఊరేగింపులు, టైర్ల మంటలు, కర్ఫ్యూలు. అంతకు మూడేళ్ల ముందు, 1969లో, ప్రత్యేక తెలంగాణ కావాలని అక్కడి పిల్లలు ఇలాగే చదువులు వదిలి రోడ్ల మీదికొచ్చారు. వాళ్ల తల్లులు కూడా మాలాగే అన్నం గిన్నె మీద మూతపెట్టి గుమ్మంలో నిలబడి ఉంటారు. ఆ సంగతి నాకప్పుడు తట్టలేదు, తరవాత తట్టింది.

రైళ్లు ఆపడం అప్పటి పెద్ద పని. మా ఇంట్లో దాని తిప్పలు వేరు. తండ్రేమో రైలు నడపాలి, కొడుకేమో రైలు ఆపాలి. ఒకరోజు ఏదో స్టేషను దగ్గర బండి ఆగిపోయి, మీ తాతయ్య ఆరుగంటలు పట్టాల మీదే కూర్చుని, నడిచి ఇంటికొచ్చారు. వచ్చేసరికి వీడు పెరట్లో కాళ్లు కడుక్కుంటున్నాడు. ఇద్దరి కాళ్లకీ ఒకటే మసి. ఆయన వాడి వంక చూశారు, వాడు ఆయన వంక చూశాడు. ఆ చూపు తరవాత ఏడాదిన్నర వాళ్లిద్దరూ నా ద్వారానే మాట్లాడుకున్నారు. "వాడికి చెప్పు", "ఆయనకి చెప్పు". ఒకే వరసలో విస్తళ్లు వేసుకుని కూర్చుని, ఉప్పు కావాలన్నా నాతోనే చెప్పించేవాళ్లు. నేను ఇద్దరి మధ్య టెలిగ్రాఫు తీగనయ్యాను.

వాడెక్కడికెళ్తున్నాడో కనుక్కోవడానికి నేనొక పని చేశాను. పక్కింటి బుడతడున్నాడు, ఎనిమిదేళ్లవాడు. వాడికి ఐదు పైసలిచ్చి మావయ్య వెనక పంపేదాన్ని. లైబ్రరీలో కూర్చున్నాడత్తా అని రోజూ వచ్చి చెప్పేవాడు. నాకెంత ఊరట! రెండు వారాలకి తెలిసింది, మీ మావయ్య వాడికి పది పైసలిస్తున్నాడని. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు నేను తాగాను, వాళ్లు నన్ను చూస్తూనే ఉన్నారు. నువ్విప్పుడు పిల్లల ఫోన్లలో ఏదో పెట్టించావట కదా, ఎక్కడున్నారో చూపించేది. పెట్టించావు, సరే. ఆ బుడతడు గుర్తొచ్చి చెప్పానంతే.

ఎక్కడున్నాను? ఆఁ, అరుగు.

మధ్యాహ్నం మూడుకి పనులు తెమిలేవి. అంట్లు అయిపోయి, బియ్యంలో రాళ్లు ఏరుకుని, రాత్రి వంటకి ఇంకా వేళ కాని గంట. మా అరుగు పెద్దది, వేపచెట్టు నీడ. స్టేషన్ మాస్టారుగారి భార్య, బియ్యంకొట్టు షావుకారుగారి భార్య, మూలింటి పిన్నిగారు, నేను. నలుగురికీ ఆ వయసు పిల్లలే. పిన్నిగారికైతే ఐదుగురు. చేతుల్లో ఏదో పని ఉండాల్సిందే. అడ్డాకులు, ఈనెపుల్లలు పెట్టుకుని విస్తళ్లు కుట్టేవాళ్లం. అప్పట్లో ఆడది ఊరికే కూర్చుంటే వీధంతా నిలబడి చూసేది. అందుకని విశ్రాంతికి కూడా చేతిలో పని పెట్టుకునేవాళ్లం. అలా ఎవరూ అడక్కుండా ఒక గంట మాదయ్యేది.

మొదటి పదిరోజులు ఏం చేశామనుకున్నావు? పిల్లల గోడే. మీవాడు ఇంటికొచ్చాడా, మావాడు రాలేదు. ఫలానా వీధిలో లాఠీలు లేచాయట. మీ అమ్మాయి కిటికీ దగ్గర నిలబడుతోందేం? నలుగురం మాట్లాడుకుంటే మనసు తేలికవుతుందనుకున్నాం. అయింది తిరగబడి. ఒక్కొక్కరం ఒక ఇంటి భయంతో వచ్చి, నాలుగిళ్ల భయంతో లేచి వెళ్లేవాళ్లం. నాకు లేని దిగుళ్లు కూడా పిన్నిగారి దగ్గర అరువు తెచ్చుకుని రాత్రంతా మేలుకునేదాన్ని. మీ గ్రూపు సంగతి నువ్వు చెబుతుంటే నాకా పదిరోజులే గుర్తొచ్చాయి.

పదకొండో రోజు పిన్నిగారే విసుగెత్తి ఈనెపుల్ల కింద పడేశారు. "ఈ గంటలో ఎవరు పిల్లల ఊసెత్తినా పది పైసలు జరిమానా" అన్నారు. ఖాళీ పౌడరు డబ్బా తెప్పించి, మూతకి మేకుతో గాటు పెట్టి, మధ్యలో పెట్టారు. మొదటి పది పైసలు ఎవరివో తెలుసా? ఆవిడవే. "ఈ మూత మా రెండోవాడు సొట్టపెట్టాడు" అన్నారు, డబ్బా కింద పెడుతూనే.

పిల్లల ఊసు లేకుండా నలుగురు తల్లులు గంటసేపు ఏం మాట్లాడతారు? నిజంగా చిట్టీ, మాకు మాట దొరకలేదు. ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. పెళ్లికి ముందు మేమేమిటో, మాకేవి ఇష్టమో, పాడొచ్చో రాదో ఎవరికీ తెలీదు. పదేళ్లుగా పక్కపక్కన ఉంటున్నాం. షావుకారుగారి భార్య చిన్నప్పుడు కృష్ణ అడ్డంగా ఈదేదట, ఆ రోజు చెప్పింది. ఆ మాట చెబుతుంటే ఆవిడ మొహం చూడాల్సింది నువ్వు.

మాటలైపోయాక నవలలు మొదలయ్యాయి. వీధి చివర అద్దె పుస్తకాల కొట్టుండేది. ఐదు రూపాయలు డిపాజిట్టు, రోజుకి పుస్తకానికి పది పైసలు. ఖాకీ కాగితం అట్టలు, వీపున అంకె. ఒక్కో పుస్తకం వందచేతులు మారేది. పేజీల అంచున ముందు చదివినవాళ్లు పెన్సిలుతో రాసేవాళ్లు, ఇక్కడ నాకు ఏడుపొచ్చింది, ఈ అత్తని నమ్మకు అని. కొందరు మహానుభావులు చివరి పేజీ చింపుకుపోయేవాళ్లు. అలా ఒక కథ ముగింపు మాకు తెలీనే లేదు. నలుగురం నాలుగు ముగింపులు చెప్పుకుని, పిన్నిగారిది బాగుందని దాన్నే ఖాయం చేసుకున్నాం.

అప్పుడంతా యద్దనపూడి సులోచనారాణి రోజులు. ఆవిడది మన కృష్ణా జిల్లాయే, కాజ. 'సెక్రటరీ' జ్యోతి మాసపత్రికలో సీరియల్‌గా వచ్చి ఎనిమిదేళ్లయినా మోజు తగ్గలేదు. అందులో హీరో రాజశేఖరం అంటే తెలీని ఆడపిల్ల లేదు. వారపత్రికల్లో సీరియళ్లు వస్తుంటే ఆ పేజీలు జాగ్రత్తగా విడదీసి, వరస పెట్టి, దబ్బనంతో పొడిచి, పురికొసతో కుట్టి, అట్ట వేసి పుస్తకం చేసుకునేవాళ్లం. పేజీ వెనక వేరే ఏదో కథ సగమో, వంటల శీర్షికో, తలనొప్పి మాత్ర ప్రకటనో ఉండేది. నా పెట్టెలో అలా కుట్టినవి ఇంకా మూడున్నాయి, నీకే ఇస్తాను. పేజీలు మాత్రం మెల్లగా తిప్పు, అప్పడాల్లా విరుగుతున్నాయి.

స్టేషన్ మాస్టారుగారి భార్య చదివేది. చదివింది ఎనిమిదో తరగతే. గొంతు మాత్రం రేడియోకి సరిపోయేది. కథలో కారు వస్తే ఆవిడ గొంతులో కారొచ్చేది. మాలో ఎవరికీ కారు లేదు, మేడ లేదు. ఆ హీరో లాంటి మొగుళ్లూ లేరు. ఉన్నవాళ్లు మంచివాళ్లే, కాదనను. ఈ పుస్తకాలు ఆడవాళ్లని పాడుచేస్తున్నాయని అప్పట్లో పెద్దపెద్దవాళ్లు వ్యాసాలు రాసేవాళ్లు. నేను ఇన్నేళ్లకీ ఒప్పుకోను. ఆ గంట అయ్యాక మేమెవరం మేడలు కావాలని ఏడవలేదు. లేచి, చీర దులుపుకుని, పొయ్యి రాజేసుకున్నాం. కాకపోతే లేచినప్పుడు నడుం నొప్పి ఉండేది కాదు. కొడుకు ఆలస్యంగా వస్తే, వాడు గుమ్మం తొక్కగానే అరవాలనిపించేది కాదు. కాళ్లు కడుక్కో, అన్నం తిను అని మాట వచ్చేది. అరుపు ఎక్కడికి పోయిందో నాకే ఆశ్చర్యం. మూడు నుంచి నాలుగు దాకా నేను కాపలా కాయకపోతే వాడేం అయిపోలేదు తల్లీ. నా చూపు వీపుకి గుచ్చుకోకుండా వాడికీ ఒక గంట దొరికింది. నేను నీకు గట్టిగా చెప్పదలచుకున్నది ఇదొక్కటే, మిగతావన్నీ ముచ్చట్లు.

జరిమానా తప్పించుకోవడానికి మేం పడిన పాట్లు చెబితే నవ్వుతావు. కొడుకు అనకూడదు కనక షావుకారుగారి భార్య "మా ఇంట్లో అద్దెకున్నాయన రాత్రి పదకొండుకొచ్చాడు" అనేది. పిన్నిగారు కూతుర్ని "మా లేగదూడ" అనేవారు. దూడ గడ్డి తినడం లేదు, దూడ గోడవైపు తిరిగి పడుకుంది. మిగతావాళ్లం గంభీరంగా డబ్బా ముందుకు తోసేవాళ్లం.

మా అత్తగారి సంగతి చెప్పలేదు కదూ. నవల చదివే ఇంట్లో పొయ్యి చల్లారుతుందని ఆవిడ నమ్మకం. మొదట్లో తలుపు దడాలున వేసుకునేవారు. నెలకి తలుపు ఓరగా తెరుచుకుంది. రెండో నెలకి గడప లోపల పీట, పీట మీద ఆవిడ, చేతిలో జపమాల. పూసలు కదలడం లేదు. ఆవిడకి చదువు రాదు. ఒక రాత్రి నేను పాలు తోడుపెడుతుంటే వెనక నుంచి వచ్చి, చాలా మామూలుగా, "ఆ పిల్ల ఉద్యోగం మానేసిందా ఏమిటి?" అన్నారు. ఏ పిల్ల అత్తయ్యా అన్నాను, తెలిసే. "అదే, నీ పుస్తకంలోది" అని వెళ్లిపోయారు. మర్నాడు నుంచి ఆవిడ పీట అరుగు మీదే.

1973 జనవరి 18న రాష్ట్రపతి పాలన వచ్చింది. పి.వి. నరసింహారావుగారి ప్రభుత్వం పోయింది. మెల్లగా ఊరు చల్లబడింది. పిల్లలకి చదువు నెలల తరబడి పోయింది. అరుగు మాత్రం ఆగలేదు. ఆ ఏడు చివర యద్దనపూడి 'మీనా' సినిమాగా వచ్చింది. విజయనిర్మల డైరెక్షను. ఆడది సినిమా తీసిందని మాకదో గర్వం, మేమే తీసినట్టు. డబ్బా మూత తీశాం. పదకొండు రూపాయల నలభై పైసలు. ఇందులో ఆరు రూపాయలు పిన్నిగారివే. మాటినీకి ఐదుగురం బయల్దేరాం. అవును, ఐదో మనిషి అత్తగారే. గాంధీనగరానికి రెండు రిక్షాలు, పోనూ రానూ రెండు రూపాయలు. కుర్చీ టిక్కెట్లు మనిషికి రూపాయిన్నర. ఇంటర్వెల్లో గోలీసోడా పదిహేను పైసలు. గోలీ కిందికి నొక్కితే కీచుమన్న చప్పుడుకి అత్తగారు ఉలిక్కిపడి, తరవాత తనే ఇంకోసారి నొక్కమన్నారు. మిగిలిన రూపాయి పదిహేను పైసలకి చేమంతులు కొనుక్కుని తలలో పెట్టుకుని వచ్చాం.

ఇంటికొచ్చేసరికి ఏమైందంటావా? కొంప మునిగిపోయి ఉంటుందని నీ భయం. మీ అమ్మ అన్నం వండింది, చిమిడిపోయింది. మావయ్య బావిలోంచి నీళ్లు తోడి గోలెం నింపాడు. ఎవరూ చెప్పలేదు. నేనూ మెచ్చుకోలేదు, చిమిడిన అన్నం ఇంకోసారి వడ్డించమన్నాను.

మీ అమ్మంటే గుర్తొచ్చింది. ఇది నీకు చెప్పిందా? చెప్పి ఉండదు. అప్పటికి దానికి పద్నాలుగో ఏడు. ఓణీ వేసుకోవడం మొదలైంది, మాటలు బందయ్యాయి. ఏమడిగినా ఊఁ, ఉహుఁ. అద్దం ముందు గంట, కిటికీ ముందు గంట. నేనేమో ఏ పుస్తకంలో ఏ ఉత్తరం ఉందోనని దాని నోటుపుస్తకాలన్నీ దులిపాను. ఏం దొరకలేదు. ఒకరోజు అద్దె నవల తెరిస్తే నేను మడిచిన పేజీకి ఇరవై పేజీల ముందు ఒక నెమలి ఈక కనిపించింది. మర్నాడు చూస్తే నలభై పేజీలు. నాకంటే వేగంగా చదువుతోంది దొంగ! నేను పడుకున్నాక, వీధి దీపం వెలుగులో. అడగలేదు నేను. పుస్తకం నా తలకింద పెట్టుకోవడం మానేసి గూట్లో, చేతికందేటట్టు పెట్టడం మొదలుపెట్టాను. నా మడత, దాని ఈక. పక్షం రోజులు అలా నడిచాయి. ఒక సాయంత్రం నేను జడ వేస్తుంటే ఉన్నట్టుండి, "రాజశేఖరం అలా అనుమానించకుండా ఉండాల్సిందమ్మా" అంది. మూడు నెలల్లో అది నాతో మాట్లాడిన మొదటి నిండు వాక్యం. నా చేతిలో పాయ జారిపోయింది. "అవునే, నాకూ అలాగే అనిపించింది" అన్నాను. ఆ రాత్రి ఆ రాజశేఖరం తప్పులన్నీ ఇద్దరం కూర్చుని ఎంచాం. నువ్వు రేపు ఫోన్లో అడుగు మీ అమ్మని, నెమలి ఈక సంగతి. ఏమంటుందో నాకు చెప్పాలి.

తేగలు తిప్పు, ఒకవైపు మాడుతోంది. ఆఁ, చాలు.

1974 ఎండాకాలం చెబుతాను, అది చెప్పకపోతే ఈ కథ చెప్పినట్టు కాదు. ధరలు మండిపోతున్నాయి. కిరసనాయిలుకి క్యూ, పంచదారకి క్యూ. తులం బంగారం ఐదొందలు దాటిందని జనం నోరు వెళ్లబెట్టారు. ఇప్పటి ధర వింటే ఏమంటారో. మే 8 నుంచి రైల్వే సమ్మె. దేశం మొత్తం మీద పదిహేడు లక్షల మంది. సమ్మె నాయకుడు జార్జి ఫెర్నాండెజ్‌ని మే 2నే పట్టుకుపోయారు. సమ్మెలో ఉన్నవాళ్లని ఇళ్లకొచ్చి పట్టుకెళ్తున్నారు, క్వార్టర్లలోంచి సామాను బయట పడేస్తున్నారు. మీ తాతయ్య ఏడో తేదీ రాత్రి చేతిసంచీలో రెండు పంచెలు పెట్టుకుని దివిసీమ వైపు చుట్టాల ఊరికి బయల్దేరారు. గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటుంటే మీ మావయ్య ఎదురుగా నిలబడ్డాడు. ఏడాదిన్నర తరవాత, నా ద్వారా కాకుండా, మొదటిసారి నేరుగా అన్నాడు.

"రైలు ఆపడం తప్పన్నావు కదా నాన్నా?"

ఆయన రెండో చెప్పు తొడుక్కోకుండా అలా ఉండిపోయారు. నా గుండె ఆగింది. తరవాత మెల్లగా, "నువ్వు ఆపింది నా రైలురా. నేనాపేదీ నా రైలే" అన్నారు. వాడు ఫక్కున నవ్వాడు. ఆయనా నవ్వారు. పోలీసులొస్తారేమోనని మేం ఊపిరి బిగబట్టుకుంటే తండ్రీకొడుకులు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. వాడు చేతిసంచీ పుచ్చుకుని కాలవకట్ట దాకా సాగనంపి వచ్చాడు.

జీతం లేదు. నా గాజులు రెండు కుదువకి వెళ్లాయి. పోలీసు జవాను రెండుసార్లు వచ్చి అడిగాడు, మావయ్యే గుమ్మంలో నిలబడి జవాబు చెప్పాడు. నేను అరుగు మీదికి వెళ్లడం మానేశాను. పుస్తకానికి పది పైసలు కూడా లెక్కే అప్పుడు. నాలుగోరోజు మధ్యాహ్నం పిన్నిగారే వచ్చి, నా చేతిలో చాట లాక్కుని, రెక్క పట్టుకుని అరుగు మీద కూర్చోబెట్టారు. ఒక నవల అప్పటికే అక్కడుంది. తెచ్చిందెవరో తెలుసా? మీ మావయ్య. ఎండలో మూటలు మోసి కూలి తెచ్చుకుంటున్నాడట షావుకారుగారి కొట్లో, నాకు చెప్పకుండా. అందులోంచి పది పైసలు.

స్టేషన్ మాస్టారుగారి భార్య చదవడం మొదలుపెట్టింది. వాళ్లాయనా సమ్మెలోనే. గొంతు వణుకుతోంది, అయినా చదువుతోంది. నాలుగు వాక్యాలయ్యాయో లేదో నా వల్ల కాలేదు. నా కొడుకు మూటలు మోస్తున్నాడు, వాడి పరీక్ష ఫీజు ఎలా కట్టను, కూతురు కడుపునిండా తిని ఎన్నాళ్లయిందో, ఈయన ఎక్కడున్నారో అని ఏకధాటిగా అనేశాను. పైట నోట్లో కుక్కుకున్నాను. ఎవరూ మాట్లాడలేదు. డబ్బా మా మధ్యలోనే ఉంది, దాని వంక ఎవరూ చూడలేదు. కొమ్మ మీద కాకి అరుస్తోంది.

అప్పుడు మా అత్తగారు కొంగు ముడి విప్పారు. గుడికని దాచుకున్న చిల్లర అది. ఒక పది పైసల బిళ్ల తీసి డబ్బాలో వేశారు. టంగుమంది. "ఇది నా కోడలిది" అన్నారు. పూసలు చేతిలోకి తీసుకుని, "ఊఁ, చదవవే అమ్మాయ్, ఎక్కడాపావు" అన్నారు.

చదివింది. నేను విన్నాను. ఏం కథో ఒక్క ముక్క గుర్తులేదు నాకు. ఆ బిళ్ల చప్పుడు మాత్రం ఇప్పటికీ ఇక్కడే ఉంది.

మే 27న సమ్మె ఆగింది. ఆయన నల్లబడి, గడ్డంతో వచ్చారు. సర్వీసులో బ్రేకు వేశారు, దాన్ని సరిచేయడానికి కొన్నేళ్లు పట్టింది. గాజులు ఒకటి విడిపించాం, ఒకటి పోయింది. మీ మావయ్య ఆ ఏడు తప్పాడు, మరుసటేడు గట్టెక్కాడు. మీ అమ్మ ఇంకో రెండేళ్లు అద్దం ముందు నిలబడుతూనే ఉంది. ఒక గంట నవలతో అవన్నీ చక్కబడ్డాయని నేను చెప్పను, నువ్వూ నమ్మవు.

అదుగో, డాబా మీద నీ పిల్లలు ఏదో గట్టిగా నవ్వుకుంటున్నారు. లేవకు. ఎందుకు నవ్వుతున్నారో మనకి తెలియనక్కర్లేదు. కూర్చో. ఇదుగో, ఇది బాగా కాలింది. పైన పీచు తీసి, కొసన రెండుగా చీలదీయి. మెల్లగా తల్లీ, లోపల చందమామ ఉంటుంది, విరగ్గొట్టకు. చిన్నప్పుడు నీకది ఇవ్వకపోతే దొర్లి ఏడ్చేదానివి. ఇవాళ మాత్రం పిల్లలకని దాచకు, నువ్వే తిను.